ఊరిని కలిపినా, విడదీసినా పైసలేడికెళ్లి వస్తయి?

పెద్దపల్లి దిక్కు ఏ చాయ్ హోటల్ల కూసున్నా ఒక్కటే ముచ్చట: మన ఊరిని మున్సిపాలిటీల కలుపుతరా? కలిస్తే మంచిదేనా అని పోరగాళ్లు నన్ను అడుగుతున్నరు. నేను పెద్ద సదువులు సదువలే, పంచాయతీ లెక్కలు గ్రామసభలల్లనే నేర్చుకున్న. నేనడిగేది ఒక్కటే: ఊరు నడిచే పైసలు ఏడికెళ్లి వస్తున్నయో ఎరుకేనా?

2018 పంచాయతీరాజ్ చట్టం తోని రాష్ట్రంల నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు పుట్టినయి. తండాలు, గూడేలకు సొంత సర్పంచ్ వచ్చిండు. అది మంచిదే. అదే యేడు మంథని, సుల్తానాబాద్ మున్సిపాలిటీలైనయి. అటెన్క బొమ్మకల్, దుర్శేడ్ అసొంటి ఊర్లు కరీంనగర్ కార్పొరేషన్ల కలిసినయి. ఒక దిక్కు విడదీసుడు, ఒక దిక్కు కలుపుడు.

ఊరు చిన్నదైనా ఖర్చు తప్పదు. సఫాయి కార్మికుల జీతం, ట్రాక్టర్ డీజిల్, వీధి దీపాల కరెంటు బిల్లు కట్టాలె. సొంత రాబడి అంటే ఇంటి పన్ను, నల్లా బిల్లు. చిన్న ఊర్లల్ల అది యే మూలకూ సరిపోదు. మిగిలింది ఆర్థిక సంఘం పైసలే. 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన రూపాయిల 60 పైసలు నీళ్లకు, పారిశుధ్యానికే పెట్టాల్సి ఉండె.

అవి గూడ ఆగినయి. సర్పంచుల గడువు 2024 జనవరి ఆఖరుకు అయిపోయింది, ఎన్నికలు 2025 డిసెంబర్‌ల అయినయి. ఎన్నికైన పాలకవర్గం లేకుంటే కేంద్రం పైసలియ్యదు. అప్పు తెచ్చి మోరీలు కట్టిచ్చిన మాజీ సర్పంచులు బిల్లుల కోసం ఆఫీసుల చుట్టు తిరిగిండ్రు.

మరి కలిస్తే బాధ తీరుతదా? ఊరు పట్నమైతే ఉపాధి హామీ పని బంద్. సర్పంచ్ పోయి వార్డు కౌన్సిలర్ వస్తడు, గ్రామసభ ఉండదు. రోడ్లు, మోరీలు మంచిగ కావచ్చు, కానీ పన్ను గూడ పెరుగుతది. జపాన్‌ల 1999ల 3,232 స్థానిక సంస్థలుండె. 2010 వరకు కలిపి కలిపి 1,700 చిల్లరకు తెచ్చిండ్రు. కలిసినోళ్లకు సర్కారు ప్రత్యేకంగ అప్పులిప్పిచ్చింది. అయినా దూరపు పల్లెలకు ఆఫీసు ఇంకింత దూరమైంది.

నా మాట ఇది: హద్దులు మార్చుడు తోని గల్లపెట్టె నిండది. రావల్సిన నిధులు టైముకు రావాలె, పన్ను వసూలు సాఫ్‌గ ఉండాలె. తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఫోన్ల ఈ-గ్రామ్ స్వరాజ్ తెరిచి మీ ఊరి లెక్క చూడుండ్రి. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాల్నని చట్టంలనే ఉన్నది. ఆడ నిలవడి జమ ఎంత, ఖర్చు ఎంత అని అడుగుండ్రి. కలుపుడా, వద్దా అన్నది ఆ లెక్క చూసినంకనే మాట్లాడుదాం.