గొల్లభామ రొయ్య: ఒక దెబ్బ, ఒక చూపు, కొంత చరిత్ర

చందనవెల్లిలో కూర్చుని సముద్రపు జీవి గురించి ఏంటని అడుగుతారేమో. మన చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు వాన నీళ్లు ఈసీ, మూసీల్లో కలిసి, వాడపల్లి దగ్గర కృష్ణలో పడి, చివరికి బంగాళాఖాతం చేరతాయి. అక్కడ బురదలో బొరియ చేసుకుని ఉండే జీవే మాంటిస్ రొయ్య. గొల్లభామ పురుగులాగా ముందుకాళ్లు మడిచి పెట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. నిజానికి ఇది రొయ్య కాదు. రొయ్యలు, పీతల వంశం నుంచి సుమారు 40 కోట్ల ఏళ్ల కిందటే విడిపోయింది.

మన దేశంలో దీన్ని శ్రద్ధగా చూసినవాడు స్టాన్లీ కెంప్. కలకత్తా ఇండియన్ మ్యూజియంలో సీసాల్లో దాచిన నమూనాలు ముందేసుకుని, 1913లో ఈ జాతులన్నిటి మీదా పెద్ద గ్రంథం రాశాడు. కానీ సీసాలో ఉన్నది కొట్టదు కదా! దాని బతుకు తెలియడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

వీటిలో రెండు రకాలు. ముళ్ల కాలుతో పొడిచేవి, గదలాంటి కాలుతో గుద్దేవి. మన విశాఖ, కాకినాడ ట్రాలర్ వలల్లో పడేవి ఎక్కువగా పొడిచేవే. వీడియోల్లో పేరుపడ్డది మాత్రం గుద్దేది. దాని దెబ్బను మామూలు కెమెరా పట్టలేకపోయింది. 2004లో షీలా పటేక్, కాల్డ్‌వెల్ బృందం హైస్పీడ్ కెమెరాతో తీస్తే తేలింది: సెకనుకు 23 మీటర్ల వరకు, అంటే గంటకు 80 కిలోమీటర్ల పైమాటే. అదీ నీళ్లలో! కండ బలం ఒక్కటే చాలదు. కాలిలో స్ప్రింగులాంటి భాగాన్ని ముందే బిగించి, కొక్కెం వదిలినట్టు వదులుతుంది. ఆ వేగానికి నీళ్లలో బుడగ పుట్టి పేలుతుంది. నత్తకు అది రెండో దెబ్బ.

నాకు దెబ్బ కన్నా బుకాయింపే నచ్చింది. పెంకు విడిచిన కొత్తలో ఒళ్లు మెత్తగా ఉంటుంది, కొట్టే సత్తువ ఉండదు. అయినా బొరియ లాక్కోవడానికి ఎవడన్నా వస్తే కాళ్లు చాచి బెదిరిస్తుంది. 1990లో ఆడమ్స్, కాల్డ్‌వెల్ దీన్ని పరీక్షించి చూపించారు. చాలాసార్లు వచ్చినవాడు వెనక్కి పోతాడట!

ఇక కళ్లు. మనకు రంగులు పట్టే కణాలు మూడు రకాలు, వీటిలో చాలా జాతులకు పన్నెండు. 1988లో జస్టిన్ మార్షల్ ఈ కళ్ల అమరికను వివరించాక, మనం ఊహించలేని రంగులన్నీ ఇది చూస్తుందని ప్రచారం మొదలైంది. ఇప్పటికీ ఫార్వర్డ్ మెసేజుల్లో అదే తిరుగుతోంది. కానీ 2014లో మార్షల్ బృందమే తిండి ఆశ చూపి పరీక్ష పెట్టింది. దగ్గర దగ్గర రంగుల తేడా మనం పట్టినంత కూడా ఇది పట్టలేకపోయింది. రంగులను పోల్చి లెక్కగట్టడం మానేసి, చూసీ చూడగానే గుర్తుపట్టే పద్ధతి దీనిదని వాళ్ల అంచనా. గొప్ప కథను, ఆ కథకు మూలమైనవాళ్లే పరీక్షకు పెట్టడం ఎంత అరుదు!

జపాన్‌లో దీన్ని ఉడికించి సుషీ మీద పెట్టుకుంటారు. మన తీరంలో రొయ్యల కోసం వేసిన వలలో పడితే తిరిగి సముద్రంలోకి విసిరేస్తారు, లేకపోతే ఎండబెట్టి దాణాకు పంపుతారు. కెంప్ ఒక్కోదాన్ని సీసాలో దాచుకున్న జీవి, ఇవాళ గంపల లెక్కన పోతోంది.