కొలువు దొరికాక మొదలైన పోరు

హైదరాబాద్ ఉద్యోగాల చరిత్ర చెప్పబోయినప్పుడల్లా మనం ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతాం: కొలువు ఎవరికి దక్కింది, స్థానికుడికా, బయటివాడికా? స్థానికులకు సర్కారు కొలువుల్లో రక్షణ ఇచ్చిన ముల్కీ నిబంధనల నుంచి ప్రత్యేక రాష్ట్రం దాకా కథంతా ఆ ప్రశ్న చుట్టూనే అల్లుకుని ఉంది. అయితే ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల సర్కారు కచేరీల్లో పనిచేసిన పట్టభద్రులు దేనికోసం అర్జీలు పెట్టారో, ఏ కోర్టు మెట్లెక్కారో, ఎప్పుడు సమ్మె చేశారో వరుసగా పేర్చి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. లోపలికి వచ్చే దారి గురించి ఎంత గొడవ జరిగిందో, వచ్చాక పైకి వెళ్లే దారి గురించీ అంతే జరిగింది. పైగా ఆ రెండో గొడవ ఇప్పటికీ తెగలేదు. సీనియారిటీ జాబితాను ఆఫీసు గుమస్తాల సొంత వ్యవహారంగా చూసినంతకాలం ఈ నగర రాజకీయ చరిత్ర మనకు సగమే అర్థమవుతుంది.

1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం మరుసటి ఏడాది ఆబిడ్స్ పక్కనే గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని భవనాల్లో తరగతులు మొదలుపెట్టింది. ఉర్దూ మాధ్యమంలో పట్టా పుచ్చుకున్న యువకులకు నిజాం సర్కారే ప్రధాన ఆశ. ముల్కీ నిబంధనలు పదిహేనేళ్ల నివాసం ఉన్నవారికి ప్రవేశంలో రక్షణ ఇచ్చాయి. కానీ పెద్ద పదవుల్లో ఉత్తర భారతం నుంచి వచ్చినవారు, ఆంగ్లేయ అధికారులు చాలాకాలంగా పాతుకుపోయి ఉన్నారు. గుమస్తాగా చేరిన పట్టభద్రుడు ఎంతవరకు ఎదగగలడో ముల్కీ నిబంధనలు చెప్పలేదు. నేటి నాంపల్లి నుమాయిష్‌ను 1938లో ప్రారంభించింది ఉస్మానియా పట్టభద్రుల సంఘమే. స్వదేశీ సరుకుకు ప్రదర్శన పెట్టి, సంస్థానంలో ఆర్థిక సర్వేకు నిధులు కూడబెట్టాలన్నది వారి తలంపు. సర్కారు కొలువు ఒక్కటే చదువుకు గమ్యం కాకూడదన్న ఆలోచన ఆ తరంలో అప్పటికే పుట్టిందనడానికి దీన్ని ఒక గుర్తుగా తీసుకోవచ్చు.

1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిశాక పాలనా భాష మారింది, బయటి ప్రాంతాల అధికారులు వచ్చారు. 1952 సెప్టెంబర్‌లో నాన్-ముల్కీలకు వ్యతిరేకంగా రేగిన ఆందోళన సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. అసలు చిక్కు మాత్రం ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 నవంబర్ 1న మొదలైంది. కర్నూలు నుంచి తరలివచ్చిన ఆంధ్ర ఉద్యోగులు మద్రాసు నిబంధనల కింద పెరిగినవారు. ఇక్కడివారు హైదరాబాద్ నిబంధనల కింద పెరిగినవారు. ఇద్దరి హోదాల పేర్లు వేరు, జీతాలు వేరు, పాసైన పరీక్షలు వేరు. వీరందరినీ ఒకే ఉమ్మడి జాబితాలో పేర్చాల్సి వచ్చింది. సీనియారిటీ జాబితాను చూసినవారికి తెలుసు: ఒక్కో పేరు ఎదుట పుట్టిన తేదీ, విద్యార్హత, ఉద్యోగంలో చేరిన తేదీ, ప్రొబేషన్ ముగిసిన తేదీ, డిపార్ట్‌మెంటల్ టెస్టు పాసైన తేదీ. చూడటానికి పొడి లెక్కలు. కానీ ఏ తేదీని ప్రమాణంగా తీసుకోవాలన్న ఒక్క నిర్ణయంతో ఒక మనిషి ఇరవై పేర్ల కిందికి జారిపోగలడు. అలా జారినవాడు గెజిటెడ్ హోదా చూడకుండానే పదవీ విరమణ చేయవచ్చు.

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 115వ సెక్షన్ కేంద్రం ముందస్తు అనుమతి లేనిదే సర్వీసు షరతులను ఉద్యోగికి నష్టం కలిగేలా మార్చరాదని హామీ ఇచ్చింది. ఆ హామీ ఎక్కడ ఆగిపోతుందో 1973-74లో వచ్చిన రెండు సుప్రీంకోర్టు తీర్పులు చూపించాయి. రెండూ పాత హైదరాబాద్ సంస్థానపు ఉద్యోగులవే. మరాఠ్వాడా వైపు వెళ్లిన హైదరాబాద్ తహసీల్దార్లు వేసిన దేవధర్ కేసులో కోర్టు, పదోన్నతికి తన పేరు పరిశీలించమని కోరే హక్కు ఉద్యోగికి ఉందనీ, పదోన్నతి అవకాశాలు తగ్గడం మాత్రం సర్వీసు షరతు మారడం కిందికి రాదనీ చెప్పింది. హైదరాబాద్ ఇంజినీరింగ్ సూపర్‌వైజర్ల షుజాత్ అలీ కేసులో పట్టభద్రులకూ పట్టా లేనివారికీ వేర్వేరు పదోన్నతి వాటాలు పెట్టడాన్ని చరిత్ర దృష్ట్యా అనుమతించింది. అదే నోటితో, పై పదవి పనికి అవసరం లేనిచోట చదువు పేరిట తేడా చూపడం సమానత్వానికి ముప్పు అని హెచ్చరించింది. పట్టా ఒకరికి నిచ్చెన అయినచోటే అనుభవం ఉన్న మరొకరికి అడ్డుగోడ కాగలదని ఆ కేసు మనకు గుర్తుచేస్తుంది.

1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో తెలంగాణ నాన్-గెజిటెడ్ ఉద్యోగుల సంఘం (టీఎన్జీవో) నేత కె.ఆర్. ఆమోస్ వెంట ఉద్యోగులు ఎందుకు కదిలారో ఈ నేపథ్యంలో చూడాలి. 1956 విలీనానికి ముందు కుదిరిన పెద్దమనుషుల ఒప్పందపు రక్షణలు అమలు కావాలన్న డిమాండులో కొత్త ఉద్యోగాలతో పాటు తమ పైస్థానాల లెక్క కూడా కలిసి ఉంది. ఆంధ్ర ప్రాంతాన్ని విడి రాష్ట్రం చేయాలన్న జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973 సెప్టెంబర్‌లో ఆరు సూత్రాల పథకం, దాని ఆధారంగా రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975 అక్టోబర్ 18న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఆ ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విభజించి, ప్రతి స్థానిక కేడర్‌ను నియామకానికే కాక సీనియారిటీకి, పదోన్నతికి, బదిలీకి కూడా విడి యూనిట్‌గా చేసింది. ప్రవేశమూ ఎదుగుదలా ఒకే సమస్యకు రెండు ముఖాలని రాజ్యాంగ స్థాయిలోనే ఒప్పుకున్నట్టయింది. అయితే సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు ఆ ఉత్తర్వు పరిధికి బయటే ఉండిపోయాయి. అంటే నాంపల్లి, ఆబిడ్స్ చుట్టుపక్కల ఉన్న పెద్ద కార్యాలయాల్లో ఎదుగుదల చిక్కు అలాగే మిగిలింది. స్థానికేతరులను వెనక్కి పంపాలన్న 1985 డిసెంబర్ 30 నాటి 610 జీవో దాకా, ఆ తర్వాతా ఫిర్యాదులు ఆగకపోవడానికి ఇదొక కారణం.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. నిరుద్యోగ పట్టభద్రులు నాంపల్లిలోని సర్వీస్ కమిషన్ భవనం ముందు నోటిఫికేషన్ కోసం నిలబడి ఉంటే, ఇప్పటికే జీతం తీసుకుంటున్నవారి పదోన్నతి ఎందుకు పట్టించుకోవాలి? కానీ ఈ రెండూ ఒకే గొలుసులోని లంకెలు. పైన పదోన్నతి ఆగితే కింద ఖాళీ ఏర్పడదు, ఖాళీ లేనిదే నోటిఫికేషన్ రాదు. రెండో అభ్యంతరం సీనియారిటీ ప్రతిభను చంపేస్తుందన్నది. అందులో నిజం లేకపోలేదు. అందుకే అకౌంట్ టెస్టు వంటి డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పెట్టారు. అయితే ప్రతిభ పేరిట కొలమానం అధికారి ఇష్టానికి వదిలేస్తే సిఫారసుకు తలుపు తెరిచినట్టే. అందరికీ కనిపించే తేదీ కనీసం అబద్ధం ఆడదు. ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగేళ్లకు జీతం పెంచే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ పథకం ఉంది కదా అని మరికొందరంటారు. అది జేబుకు ఊరటనిస్తుంది. కానీ నిర్ణయం తీసుకునే కుర్చీని, పదిమందికి బాధ్యత వహించే అవకాశాన్ని అది ఇవ్వదు.

తెలంగాణ వచ్చాక ఈ సమస్య తీరిపోతుందని చాలామంది ఆశించారు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు ఏర్పరిచింది. 2021 డిసెంబర్‌లో 317 జీవో కింద ఉద్యోగులను కొత్త కేడర్లకు కేటాయించినప్పుడు మళ్లీ అదే సీనియారిటీ ప్రశ్న, అవే ధర్నాలు. అప్పటికి పరాయి రాష్ట్రంవాడన్న వాదనకు పెద్దగా తావు లేదు, దాదాపు అందరూ ఇక్కడివారే. శతాబ్దం పొడవునా మనం ప్రాంతపు కొట్లాటగా చూసిన దానిలో ఒక పాయ నిజానికి పాలనా లోపమని దీన్నిబట్టి తేలుతోంది. సెప్టెంబర్ 1న మొదలయ్యే పదోన్నతుల ప్యానెల్ సంవత్సరానికి ముందే ప్రతి శాఖా తాత్కాలిక సీనియారిటీ జాబితా వెలువరించి, అభ్యంతరాలు విని, గడువులోగా తుది జాబితా ఇవ్వాలి. మధ్యలో నిబంధన మారిస్తే దాని భారం పాత ఉద్యోగి మీద పడకుండా చూడాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న నిబంధనలను వేళకు పాటిస్తే చాలు. పట్టభద్రుడికి ఉద్యోగం ఇవ్వడంతో ప్రభుత్వ బాధ్యత తీరిపోదు. ఆ ఉద్యోగంలో అతను ఎక్కడిదాకా వెళ్లగలడో ముందే నిజాయితీగా చెప్పడం కూడా ఆ బాధ్యతలో భాగమే.