కలివికోడి చరిత్రము



చరిత్రమనఁగానే రాజులు, కోటలు, శాసనములు తలఁపునకు వచ్చును. నేఁడు నేను చెప్పఁబోవునది జానకు కొంచె మెక్కువ పొడవుగల యొక పక్షి చరిత్రము.

1848లో మదరాసు సైన్యమున వైద్యుఁడుగా నుండిన జెర్డన్ దొర దీనిని కనుఁగొనఁగా, కలకత్తాయందలి బ్లైత్ పండితుఁడు వర్ణించెను. ఱొమ్ముపై రెండు పట్టెలుండుటచే లాటినుభాషలో ‘రెండు హారములది’ యను నర్థము వచ్చు పేరిడిరి. దీని దగ్గఱి జ్ఞాతు లాఫ్రికాఖండమునం దున్నవి. పిమ్మట బ్లాన్‌ఫర్డు దొర భద్రాచల ప్రాంతమునను సిరోంచయొద్దను దీనిని చూచెను. 1900లో అనంతపురము చేరువ మఱియొకరికిఁ గనఁబడెను. అంతటితో సరి. పండితులు పక్షి నశించినదని తలఁచిరి.

దొర చూచినప్పుడు పుట్టి, దొర చూడనప్పుడు చచ్చినట్లు వ్రాయుట గ్రంథకర్తల కలవాటు! 1917లో కోలారు బంగారుగనులయొద్ద నేరిన దీని గుడ్డొకటి అబర్డీన్ విశ్వవిద్యాలయపు సేకరణలోఁ బడియుండి 2013లో గాని బయటఁబడలేదు. అంతేకాదు, కడప పల్లెవాసులకు దీని పేరు తెలియును. కలివి యనఁగా ముండ్లపొద, దాని పండ్లు మన పల్లెబాలు రెఱుఁగుదురు. ఆ పొదలఁ దిరుగునది కలివికోడి. పగలెల్ల నీడను కదలక యుండి రాత్రి మేఁతకు వెడలు పక్షిని పట్టపగలు వెదకిన నేమి దొరకును?

1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము పక్షమున భరత్ భూషణ్‌గారు రెడ్డిపల్లె ప్రాంతమున వెదకుచుండఁగా, అచ్చటి వేఁటగాఁ డొకఁడు రాత్రి దీపపు వెలుఁగున దీనిని పట్టి తెచ్చెను. పట్టువడిన పక్షి బ్రతుకలేదు. జాతి బ్రతికియున్నదని మాత్రము రుజువయ్యెను. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను. ఆ యేఁటనే పక్షి తపాలాబిళ్లపై కెక్కెను.

2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వు యంత్రము లా పొదలను పెఱికినవి. రాయలసీమకు నీరు వలదని యెవఁడనఁగలఁడు? కాని నీటికి దారి మార్చవచ్చును, పక్షికి మార్చలేము. తుదకు కాలువ దారినే మార్చిరి. ముండ్లపొద యున్నచోటు వట్టి బీడని తలఁచుట మనకు పాతజాడ్యము. మాదాపురపు రాళ్లనడుమ 1998లో హైటెక్ సిటీ లేచినప్పు డచ్చటి పొదల నెవరు లెక్కించిరి?

లంకమలలో శోధకులు మెత్తని మన్ను పఱచి, తెల్లవాఱి అడుగుజాడలు పరిశీలించిరి. కూఁతను ముద్రించి, దానినే వినిపించి బదులుకై చెవియొగ్గిరి. తరువాత పదునైదేండ్లకు మించి నిశ్శబ్దము. 2025 ఆగస్టులో కొందఱు పక్షిప్రియులు కడప జిల్లాలో నొకరాత్రి కాచియుండఁగా, పొదలలోనుండి ఆ కూఁత మరల వినవచ్చెను.