అబూ తల్హా (రజి) ఇంట పగిలిన జాడీలు

 



మద్య నిషేధం ప్రస్తావన రాగానే మదీనా వీధుల్లో మద్యం ఏరులై పారిన దృశ్యం మన కళ్ళ ముందు మెదులుతుంది. ఆ దృశ్యాన్ని మనకు చెప్పినవారెవరో, అప్పటికి ఆయన వయసెంతో ఆలోచించేవారు తక్కువ. చెప్పినవారు హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి). దైవప్రవక్త (స) మదీనాకు వలస వచ్చేనాటికి ఆయన పదేళ్ళ బాలుడు. నిషేధాజ్ఞ అవతరించిన సంవత్సరం విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఉహుద్ యుద్ధం నాటి ఉదయం మద్యం సేవించి, ఆ రోజే అమరగతులైనవారు ఉన్నారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు కనుక, అది హిజ్రీ 3 తరువాతి మాట. హిజ్రీ 4 అన్న లెక్కను తీసుకుంటే అనస్ (రజి)కి అప్పుడు సుమారు పద్నాలుగేళ్ళు. నేటి మన లెక్కలో తొమ్మిదో తరగతి పిల్లవాడు.

ఆ రోజు ఆ పిల్లవాడు ఏం చేస్తున్నాడు? తన మారుతండ్రి అబూ తల్హా (రజి) ఇంట్లో పెద్దలకు మద్యం పోస్తున్నాడు. పచ్చి ఖర్జూరాలను, పండు ఖర్జూరాలను నానబెట్టి తీసే ‘ఫదీఖ్’ అనే పానీయం అది. కూర్చున్నవారు సామాన్యులు కారు. అబూ ఉబైదా, ఉబై బిన్ కఅబ్ (రజి) వంటి మహామహులు. అందరిలోకీ చిన్నవాడు కనుక వడ్డించే పని తనకు అప్పగించారని అనస్ (రజి) స్వయంగా చెప్పుకున్నారు. పెద్దలు కూర్చున్నచోట చిన్నవాడు అందించడం అరబ్బుల ఆచారం. మన ఆచారమూ అదే. అందుకే ఈ సంఘటన మనకు ఇంత దగ్గరగా అనిపిస్తుంది.

అంతలో వీధిలో ఏదో కేక వినిపించింది. అబూ తల్హా (రజి) అదేమిటో చూసి రమ్మన్నారు. మద్యం నిషిద్ధమైందని చాటింపు. ఆ మాట చెవిన పడగానే ఆయన ఆ కుర్రవానితోనే అన్నీ పారబోయించారు. మరో ఉల్లేఖనం ప్రకారం జాడీలనే పగలగొట్టమన్నారు; అనస్ (రజి) లేచి, రాతిరోలు అడుగుభాగంతో వాటిని ముక్కలయ్యేదాకా కొట్టారు. నోటి దగ్గరి పాత్రను ముగించి పారబోద్దామని ఎవరూ అనలేదు. ఆ వార్త నిజమో కాదో మళ్ళీ విచారించి వద్దామనీ అనలేదు.

ఇక్కడ మనం కాసేపు ఆగాలి. ఆజ్ఞ అందరికీ వచ్చింది. కానీ ఆ ఇంట్లో అది మొదట పెద్దల చేతి పాత్రల మీద అమలైంది. ఆ అమలును పిల్లవాడు తన కళ్ళతో చూశాడు, తన చేతులతో చేశాడు. మద్యం విషయంలో దైవప్రవక్త (స) శపించిన పదిమందిలో తాగేవానితోపాటు పోసేవాడు, మోసుకొచ్చేవాడు, అమ్మేవాడు కూడా ఉన్నారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. అంటే ఆ నాడు అబూ తల్హా (రజి) తన పానీయాన్ని వదులుకోవడమే కాక, ఇంటి పిల్లవానిని ‘పోసేవాని’ స్థానం నుండి తప్పించారు. మన ఇళ్ళలో మద్యం లేదని మనం అనుకోవచ్చు. కానీ కొడుకు చేతికి డబ్బిచ్చి వీధి చివరి కొట్టు నుండి గుట్కా పొట్లమో, సిగరెట్టో తెమ్మని పంపే తండ్రులు మనలో లేరా? కొట్టువానితో ఆ పిల్లవానికి తొలి పరిచయం ఎవరి వల్ల కలిగింది?

ఈ విధేయత ఒక్క కేకతో పుట్టలేదు. ఖుర్ఆన్‌లో మొదట స్వర్గ నరకాల ప్రస్తావన వచ్చిందని, ప్రజల మనసులు ఇస్లాం వైపు మళ్ళాకే ధర్మాధర్మాల ఆజ్ఞలు వచ్చాయని, మొట్టమొదటే తాగవద్దని ఉంటే వారు మానేవారు కారని హజ్రత్ ఆయిషా (రజి) వివరించారు. మద్యం సంగతీ అంతే. మొదట దాని లాభం కన్నా పాపం పెద్దదన్నారు (2:219). తరువాత మత్తులో నమాజుకు దగ్గర కావద్దన్నారు (4:43). చివరికి దాన్ని షైతాను పనుల్లో చేర్చి పూర్తిగా దూరముండమన్నారు (5:90-91). ఒక జాతికే ఇన్నేళ్ళ శిక్షణ పట్టిందంటే, పదిహేనేళ్ళు దీను మాట వినిపించని ఇంట్లో పదహారో ఏట ఒక్క గద్దింపుతో పని జరగాలని తండ్రి కోరుకోవడం ఎంతవరకు న్యాయం?

అనస్ (రజి) తల్లి ఉమ్మె సులైమ్ (రజి) ఆ పునాది ముందే వేశారు. చిన్నతనంలోనే కొడుకు చేత ఆమె కలిమా పలికిస్తుంటే, ఇంకా ఇస్లాం స్వీకరించని భర్త మాలిక్ పిల్లవానిని చెడగొడుతున్నావని కోపించాడు. చెడగొట్టడం లేదని ఆమె బదులిచ్చారు, నేర్పడం మానలేదు. మాలిక్ ఇల్లు విడిచి సిరియా వైపు వెళ్ళి అక్కడే మరణించాడు. తరువాత అబూ తల్హా పెళ్ళికి అడిగినప్పుడు, ఆయన ఇస్లాం స్వీకరించడాన్నే ఆమె తన మహర్‌గా భావించారు. కొడుకు ఉండే ఇంట్లోకి ఎలాంటి మనిషి రావాలో ఆ తల్లి చూసుకున్నారు.

ఆమె గురించిన మరో సంఘటనను మనం ఎన్నిసార్లు చెప్పుకున్నా తక్కువే. అనస్ (రజి) పిల్లలతో ఆడుకుంటుండగా దైవప్రవక్త (స) ఒక పని మీద పంపారు. ఇంటికి ఆలస్యమైంది. ఎందుకు ఆలస్యమైందని తల్లి అడిగారు. ప్రవక్త (స) పని మీద వెళ్ళానన్నాడు. ఆ పనేమిటని అడిగితే, రహస్యమన్నాడు. అయితే ఆ రహస్యం ఎవరికీ చెప్పవద్దని తల్లి అన్నారు. ఆలస్యాన్ని ఆమె గమనించారు, అడిగారు. కొడుకు ఎవరి దగ్గర ఉన్నాడో తెలిశాక నమ్మారు. నేడు కొందరు తల్లిదండ్రులు పిల్లవాడు రాత్రి పదకొండింటికి వచ్చినా అడగరు. మరికొందరు నమ్మకమన్నదే లేకుండా నిలదీస్తారు. మొదటివారి పిల్లలకు భయం ఉండదు, రెండోవారి పిల్లలకు అబద్ధం అలవాటవుతుంది. ఉమ్మె సులైమ్ (రజి) దారి ఈ రెంటికీ భిన్నం.

‘గంజాయి పేరు ఖుర్ఆన్‌లో ఎక్కడుంది?’ అని వాదించే యువకులు మనకు తారసపడతారు. ఈ వాదన కొత్తదేమీ కాదు. మద్యమంటే బుద్ధిని కప్పివేసేదని హజ్రత్ ఉమర్ (రజి) మింబరు మీది నుండే నిర్వచించారు. శతాబ్దాల తరువాత ముస్లిం నగరాల్లో హషీష్ వ్యాపించినప్పుడు ఇబ్నె తైమియా, జర్కషీ వంటి పండితులు ఆ మాట ఆధారంగానే దాన్ని నిషిద్ధమన్నారు. జర్కషీ అయితే దానిపై ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు.

మన తెలుగు నేల చరిత్రలోనూ ఒక పాఠముంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న సారాపై, 1995 జనవరి 16న మొత్తం మద్యంపై నిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వం దాన్ని సడలించింది. చట్టం వచ్చింది, పోయింది. వీధి కొట్టు తెరిచి ఉన్నప్పుడు కూడా పిల్లవానిని కాపాడవలసిన బాధ్యత మళ్ళీ ఇంటికే వచ్చింది.

కొడుకు ఇప్పటికే మత్తుకు లోనై ఉంటే? పరువు పోతుందని దాచే ఇళ్ళూ, కొట్టి వెళ్ళగొట్టే ఇళ్ళూ మనకు తెలుసు. మద్యం తాగిన ఒక వ్యక్తిని పదేపదే దైవప్రవక్త (స) ముందుకు తెచ్చారు, శిక్షా పడింది. విసిగిన ఒకరు అతన్ని శపించారు. ప్రవక్త (స) వెంటనే వారించి, అతడు అల్లాహ్‌నూ ఆయన ప్రవక్తనూ ప్రేమించేవాడని చెప్పారు. శిక్ష ఉంది, బంధం తెగలేదు. అలాంటి పిల్లవానిని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళడం సిగ్గుపడవలసిన పని కాదు. ప్రభుత్వ ఉచిత సహాయ సంఖ్య 14446 అందుకే ఉంది.

అబూ తల్హా (రజి) కథ ఆ జాడీలతో ముగియలేదు. ఆయన సంరక్షణలో కొందరు అనాథలు ఉండేవారు. వారసత్వంగా వారికి మద్యం వచ్చింది. దాన్ని ఏం చేయాలని ఆయన దైవప్రవక్త (స)ను అడిగారు. పారబోయమన్నారు. సిర్కాగా మార్చవచ్చా అని అడిగితే, వద్దన్నారు. అనాథల సొమ్ము ముట్టుకోవడమే మహాపాపమని ఖుర్ఆన్ హెచ్చరించిన కాలమది. అయినా వారి ఆస్తి నేలపాలయ్యింది, ఆ ఇంట్లో మాత్రం మద్యం మిగల్లేదు.

జాడీలు పగలగొట్టిన ఆ కుర్రవాడు పదేళ్ళ దాకా దైవప్రవక్త (స) సేవలో ఉన్నాడు. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన ‘ఉఫ్’ అనలేదని చెప్పుకున్నాడు. తరువాత బస్రాలో స్థిరపడి, బిడ్డలనూ మనుమలనూ చూసుకుని, హిజ్రీ తొంభైల దాకా జీవించారు. నెరిసిన గడ్డంతో శిష్యుల మధ్య కూర్చుని, మద్యం నిషిద్ధమైన రోజున తాను ఎవరెవరికి పోస్తున్నాడో, ఇంటి పెద్ద ఏమన్నారో, తాను ఏ రాతితో జాడీలు పగలగొట్టాడో ఒక్కొక్కటిగా చెప్పేవారు.