బెచారత్స్: స్లవోనియా సీమలోని రెండు పాదముల పాట

జానపద గేయములను పరిశోధించు పండితులకు దీర్ఘగాథలపై మక్కువ యెక్కువ. దక్షిణ స్లావుల విషయమునను అట్లే జరిగినది. ఇటాలియను యాత్రికుడు అల్బెర్తో ఫోర్తిస్ 1774లో ‘హసనాగినిత్సా’ అను గాథను ప్రకటించెను. గేటే దానిని జర్మను భాషలోనికి మార్చెను. నాటినుండి యూరపు దృష్టి అట్టి గాథలమీదనే నిలిచినది. కాని తూర్పు క్రొయేషియాలో, ద్రావా, సావా, డాన్యూబు నదుల నడిమి మైదానములలో, రెండే పాదములలో ముగియు పాట యొకటి కలదు. దాని పేరు బెచారత్స్.

ఈ పేరు తుర్కీ భాషలోని ‘బెకార్’ నుండి పుట్టినది. అవివాహితుడని దాని యర్థము. మూలము పారసీకము. హిందుస్తానీ ద్వారా తెలుగు వాడుకలోనికి వచ్చిన ‘బేకారు’ దీనికి తోబుట్టువే. ఒట్టోమను తుర్కులు 16వ శతాబ్దమున స్లవోనియాను గెలిచిరి. 1699 నాటి కార్లోవ్త్సీ సంధితో అది హాబ్స్‌బర్గు ప్రభువుల దని స్థిరపడినది. ఏలినవారు పోయినను మాట నిలిచినది. అచ్చటి పల్లెలలో బెచార్ అనగా విందు, పాట, వలపు తప్ప వేరు చింత లేని విలాసపురుషుడు. పెండ్లియైనంత మాత్రమున ఆ పేరు పోదు.

పాదమునకు పది అక్షరములు. నాలుగవ అక్షరము పిమ్మట విరామము. ఇది వీరగాథల ఛందస్సే. ఇందు రెండు పాదములకును అంత్యప్రాస కూర్చబడును. మొదటి పాదమును ఒక్కరు పాడుదురు. గుంపు దానిని మరల పాడును. తంబూరా మేళము వెంట నడచును. ఆ వ్యవధిలోనే ఆశువుగా కట్టువారు రెండవ పాదమును వెదకుకొనవలెను. మొదటి పాదము గంభీరముగా ఒక మాట నిలుపును. రెండవది దానిని నవ్వులో పడద్రోయును. గాథకుడు వేయి పాదములలో చేయు పనికంటె ఇది సులభమని నేను తలపను. (ఈ తంబూరా శ్రుతికి మాత్రమే వాడునది కాదు, మెట్లు గలిగి, రాగము పలికించు వాద్యము. 1847లో పాయో కొలారిచ్ ఒసియెక్ నగరమున దీనితో మొదటి వాద్యబృందమును నెలకొల్పెను.)

ఆ పల్లెలలో పూర్వము ‘జాద్రుగా’ అను ఉమ్మడి కుటుంబవ్యవస్థ యుండెడిది. భూమి ఉమ్మడి, పని ఉమ్మడి, ఆజ్ఞ పెద్దది. అట్టి యింట యువకుడు గాని కోడలు గాని నోరు విప్పుట కవకాశ మెంత? పెండ్లిలో, విందులో ఆ యవకాశము దొరకెడిది. కామము, మద్యము, అత్తగారి కాఠిన్యము, పురోహితుని లోభము—మాటగా అన్నచో తప్పగునవి పాటగా అన్నచో చెల్లెడివి. స్త్రీలును ఈ పాటలు పాడుదురు. దెబ్బ తగిలినవారు కోపింపరాదు. మరియొక జంటపాదముతో బదులు చెప్పవలెను. అట్లు ఒకరి నొకరు మించి పాడుచు పోటీ సాగును.

పెద్దల కిది అంతయు నచ్చలేదు. హాబ్స్‌బర్గు సరిహద్దు సైన్యాధికారి మతియా ఆంతున్ రెల్కోవిచ్ సప్తవర్ష యుద్ధమున ప్రష్యనులకు చిక్కి, బందీయై, పరదేశమును చూచి, తన సీమను సంస్కరింప దలచెను. 1762లో డ్రెస్డెనున వెలువడిన అతని ‘సాతిర్’ కావ్యము కోలో నృత్యములను, యువజనుల కూటములను తుర్కులు విడిచిపోయిన బడులని నిందించినది. కాని ఆ నిందకు అతడెన్నుకొన్న ఛందస్సు ఏది? అంత్యప్రాస గల పదియక్షరముల జంటపాదములే! పల్లెవారి చెవి కెక్కవలెనన్న వేరు మార్గము లేదని అతడెరుగును. కావ్యము మిక్కిలి జనాదరణ పొందినది. నృత్యము మాత్రము మానలేదు.

జాద్రుగాలు 19వ శతాబ్దాంతమునకు విచ్ఛిన్నములైనవి. పాట వేదిక నెక్కినది. వింకోవ్త్సి పట్టణమున 1966 నుండి జానపదోత్సవము జరుగుచున్నది. 2011లో యునెస్కో ఈ గానమును మానవజాతి అమూర్త సాంస్కృతిక సంపద పట్టికలో చేర్చినది. ఈ గౌరవము ఉచితమే. అయినను వేదికమీద పాడునపుడు ఎదుట నుండువారు అపరిచితులు; అత్తగారును పురోహితుడును అందుండరు. సంపుటములలోనో రెండు పాదములును ఒక్కచోటనే కనబడును, నడుమ గుంపు పాడు వ్యవధి యుండదు. పెండ్లివారింట నేటికిని ఆ వ్యవధి కలదు. బంధువులందరు మొదటి పాదమును తిరిగి పాడుచుందురు. రెండవది ఎవరిమీద పడునో యని ఒకరి ముఖ మొకరు చూచుకొనుచుందురు.