మారేడు విత్తు – ‘దుగ్ధభావిత’ శబ్దవిచారము

మారేడు శివపూజకు ముఖ్యమైన వృక్షమని యెల్లరు నెఱుఁగుదురు. దానిని విత్తునుండి పెంచు విధమునుగూర్చి మన ప్రాచీన గ్రంథము లేమి చెప్పినవి, చెప్పినదానిని మనము సరిగా గ్రహించుచున్నామా యను నంశము నిచట విచారింతును. వరాహమిహిరుని వృక్షాయుర్వేదమునందలి యొక పదమునకు లోకమున వాడుకయందున్న యర్థము సరియైనది కాదని నా తలంపు. ఆ యర్థమును నమ్మి విత్తినచో విత్తు కుళ్లును గాని మొలవదు. కావున నిది కేవలము శబ్దచర్చ కాదు.

వేదకాలమున బిల్వమునకుఁ గలిగిన ప్రసిద్ధి పత్రమువలనఁ గలిగినది కాదు. దారువువలనను ఫలమువలనను గలిగినది. ఐతరేయబ్రాహ్మణము ద్వితీయపంచికారంభమున యూపమునకు ఖాదిరము, బైల్వము, పాలాశము నను దారువులను జెప్పి, అన్నసమృద్ధిని బుష్టిని గోరువానికి బైల్వయూపమును విధించినది. అందులకుఁ జూపిన హేతువులు రెండు: ఏఁటేఁట ఫలించుట, మొదలునుండియు శాఖలతో నొప్పుట. రెండవ హేతువు చెట్టును గన్నులారఁ జూచినవారి మాటవలె నున్నది. మారేడు మొదటను వేళ్లనుండియుఁ బిలకలు లేచుట నేఁటి తోఁటలలోను జూడవచ్చును. శతపథబ్రాహ్మణము అశ్వమేధమునకు విధించిన 21 యూపములలో ఆఱు బైల్వములు. శ్రీమద్రామాయణ బాలకాండమున దశరథుని యాగమందును ఆఱు బిల్వయూపములే నిలుపఁబడినవి. శ్రీసూక్తము బిల్వమును లక్ష్మీదేవి వృక్షమనియే కీర్తించి, తత్ఫలములు అలక్ష్మిని బోఁగొట్టవలెనని ప్రార్థించినది. అమరసింహుఁడు చెప్పిన శాండిల్య, శైలూష, మాలూర, శ్రీఫల నామములలోఁ గడపటిది యీ సంప్రదాయమునకు నిలువుటద్దము. త్రిదళమునకుఁ బ్రాధాన్యము శైవపురాణములతో హెచ్చినది. ఈ ఫలపత్రభేదము విత్తు విషయమునఁ బనికివచ్చునది గనుక దీనిని జ్ఞప్తియందుంచుకొనవలయును.

వృక్షారోపణపుణ్యమును జెప్పు ప్రసిద్ధశ్లోక మొకటి కలదు. రావి, వేము, మఱ్ఱి యొక్కొక్కటి, చింతలు పది, మామిళ్లు అయిదు, వీనితోపాటు వెలఁగ, మారేడు, ఉసిరిక యను మూఁటిని నాటినవాఁడు నరకమును జూడఁడని దాని తాత్పర్యము. పుణ్యము చెప్పినదేగాని నాటువిధము నది చెప్పలేదు. విధమునకు వృక్షాయుర్వేదమే శరణ్యము. ఈ శాస్త్రమున సురపాలుని గ్రంథము బోడ్లియన్ గ్రంథాలయపు వ్రాతప్రతినుండి 1996వ సంవత్సరమున సికింద్రాబాదులో, ఆసియా వ్యవసాయచరిత్ర సంస్థవారిచే నాంగ్లానువాదముతో వెలువడినది. శార్ఙ్గధరపద్ధతియందలి యుపవనవినోదము 1935లోఁ గలకత్తాలో వేఱుగా నచ్చుపడినది. అయినను బ్రాచీనతను బట్టి క్రీస్తుశకము ఆఱవ శతాబ్దివాఁడైన వరాహమిహిరుని బృహత్సంహితనే యిచటఁ బ్రమాణముగాఁ గైకొందును.

ఆ గ్రంథమున వృక్షాయుర్వేదాధ్యాయము చిన్నది. నేల మెత్తనిదై యుండవలె ననియు, అందు ముందుగా నువ్వులు చల్లి, అవి పూచినపిమ్మట నచటనే మర్దింపవలె ననియు నాచార్యుఁడు చెప్పినాఁడు. నేఁడు పచ్చిరొట్ట యెరువని మన రైతులు పిలుచునది యిదియే గదా! పనస, అశోకము, అరఁటి, నేరేడు, దానిమ్మ మొదలగువానిని గొమ్మలచే నాటఁదగినవానిగాఁ బేర్కొనెను. ఆ పట్టికలో మారేడు లేదు. కావున దానికి సామాన్యమైన బీజవిధియే వర్తించునని తలఁపవచ్చును. ఆ విధి యిది: విత్తును బది దినములు ‘దుగ్ధభావితము’ గావించి, నేయి పూసిన చేతితో నంటి, గోమయముతోఁ బలుమాఱులు ‘విరూక్షితము’ చేసి, పంది లేళ్ల మాంసముచే ధూపమువేసి, సంస్కరించిన నేలలోఁ గొవ్వుతోఁ గూడ నాటి, పాలు కలిపిన నీటిచేఁ దడుపవలయును.

‘దుగ్ధభావిత’మనఁగాఁ బదిదినములు పాలలో నానఁబెట్టినదని తఱచుగా వ్రాయుచున్నారు. మన యెండలలోఁ బాలు ఒక్కనాఁటికే విఱిగిపోవును. పదినాళ్లు అందుండిన విత్తు మొలకెత్తునని యే కాఁపును నమ్మఁడు. దీనిని జూచి కొందఱు శాస్త్రమంతయుఁ గల్ల యనుచున్నారు. మఱికొందఱు ఋషివాక్యమున కెదురాడరాదని యూరకున్నారు. ఉభయులును బదము నరయలేదు. వైద్యగ్రంథములలో భావన యనఁగా నూరక నానవేయుట కాదు. ద్రవముతోఁ దడిపి యారఁబెట్టి, మఱలఁ దడిపి యారఁబెట్టుట. సప్తభావనలు, ఏకవింశతి భావనలు నను మాటలు మన వైద్యుల కెల్లఁ బరిచితములు. కావునఁ బదిదినముల భావనయనఁగా దినమున కొకమాఱు చొప్పునఁ బదిమాఱులు తడిపి యారఁబెట్టుట యగును.

భావితశబ్దమునకు వాసితమను నర్థమును గలదుగదా యని యాక్షేపింపవచ్చును. అట్టి సందేహమును దీర్చునది యా యధ్యాయమే. వెలఁగవిత్తుకు విధి చెప్పుచు నాచార్యుఁడు, వేళ్లతోఁ గాచి చక్కఁగాఁ జల్లార్చిన పాలలో విత్తును నూఱు చప్పట్లు చఱచునంత కాలమే యుంచవలెననియు, ప్రతిదినము నెండలో నారవేయవలెననియు, నిట్లొక మాసము చేయవలెననియు స్పష్టముగాఁ జెప్పెను. నూఱు చప్పట్లకు నెంతకాలము పట్టును? రెండు నిమిషములకు మించదు. మాసమంతయుఁ జేయవలసిన చోటనే దినమున కింత స్వల్పకాలము విధించిన గ్రంథకర్త, పదిదినముల విధిలో మాత్రము రేయుంబవలు పాలలో ముంచుమనునా? మారేడును వెలఁగయు నొక్క కుటుంబపు వృక్షములే యగుటచే నీ సామ్యము మఱింత యుచితముగా నున్నది.

అయితే వెలఁగవిధి నంతయు వ్యవసాయముగా భావింపరాదు. మూరెడు వెడల్పు, రెండుమూరల లోఁతు గల గుంటను ద్రవ్వి, కాల్చి, తేనె నేయి బూడిదలు పూసి, మినుములు నువ్వులు యవల పిండితోను మంటితోను నింపి నాలుగంగుళముల లోఁతున విత్తు పెట్టినచో నది తీఁగయై మండపమును గప్పునని ఫలశ్రుతి. దానిని వింత గొల్పునదిగా నాచార్యుఁడే చెప్పినాఁడు. రాజోద్యానములలో వినోదమునకై చెప్పిన యద్భుతవిధిని సామాన్యబీజవిధితో సమముగఁ జదువుట పాఠకుల దోషమేగాని గ్రంథదోషము గాదు.

ఇఁక ‘విరూక్షిత’ పదము. దీనిని మారేడు విత్తునకు నన్వయించి చూచినప్పుడు దీని ప్రయోజనము విశదమగును. మారేడుపండు గట్టి పెంకు గలది. లోన ననేకములైన గదులలో విత్తనములు స్వచ్ఛమైన జిగురునడుమ నుండును. ఒక్కొక్క విత్తు చప్పిడియై, నూలువంటి నూఁగుతోఁ గప్పఁబడియుండును. ఆ జిగురు ఆరినచో గాజుపూఁతవలె బిగిసికొనును. ఒట్టినీటఁ గడిగినంత మాత్రమున సులభముగాఁ బోదు. పేడతోఁ బలుమాఱులు రుద్ది యారఁబెట్టినచో జిగురును నూఁగును వదలును. ఆచార్యుఁడు బిల్వమునే యుద్దేశించి వ్రాసెనని నేననను. కాని జిగురుగల విత్తులన్నిఁటికి నిది చక్కని యుపాయమని తోఁచుచున్నది. ధూపము కీటకములకై యుండవచ్చును. కొవ్వు మాటకు నాకు సరియైన సమాధానము తోఁపలేదు.

నేఁడు మారేడును బెంచువారు చెట్టుమీఁదఁ బండిన కాయను బగులఁగొట్టి, విత్తును శుభ్రపఱచి, నిలువయుంచక యిసుకయు మాఁగిన పేడయెరువును గలిపిన మంటిలో నరయంగుళము లోఁతున విత్తుదురు. రెండుమూఁడు వారములకు మొలక కనఁబడును. తల్లివేరు లోఁతుగాఁ బోవునది గనుక మొక్క లేఁతగా నున్నపుడే వానకాలమున నాటుచోటికి మార్చుట మేలు. చెట్లకు నడుమ నిరువదిమూరల యెడ ముత్తమమని వరాహమిహిరుఁడు చెప్పినది, అనఁగా ముప్పదియడుగులు, నేఁటి తోఁటల కొలఁతకు మిక్కిలి దూరముగా లేదు.

విత్తు మొక్క కాపునకు వచ్చుటకు నేడెనిమిదేఁడులు పట్టును. తల్లిచెట్టు పండు గుణము బిడ్డయందుఁ దప్పక వచ్చునను నిశ్చయము లేదు. పండు ప్రధానముగాఁ గల యుత్తరదేశమున, ఫైజాబాదు వ్యవసాయవిశ్వవిద్యాలయమువారు నరేంద్ర నామముతో మేలురకముల నేర్పఱచి, కన్ను అంటుచే వ్యాపింపఁజేసిరి. మన దేశమున మారేడు ప్రధానముగాఁ బత్రమునకు. వినాయకచవితినాఁటి యేకవింశతిపత్రములలో బిల్వము మూఁడవది; పాలవెల్లికిఁ గట్టు కాయ మాత్రము వెలఁగ. పత్రమున కే విత్తు మొక్కయైనఁ జాలును. పండు చిన్నదైనను బూజకు లోపము లేదు. కోవెలలలోఁ బెరుగుచున్న మారేళ్ల పండ్లు ఒకదానిఁ బోలి యొకటి లేకుండుటకుఁ గారణ మిదియే కావచ్చును.