ముషీరాబాద్ జైలు: కట్టడం పోయిన చోట చరిత్ర

కూలిపోయిన కట్టడం ఒకప్పుడు ఎక్కడ ఉండేదో నిర్ధారించడానికి చరిత్రకారులు నేల మీద మిగిలిన శిథిలాన్ని, రాతలో మిగిలిన దాఖలాను, జనం జ్ఞాపకాన్ని ఆధారం చేసుకుంటారు. లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న సదర్క్ ప్రాంతంలోని మార్షల్‌సీ చెరసాల విషయంలో శిథిలమూ రాతా రెండూ దొరుకుతాయి. అది ప్రధానంగా రుణఖైదీల, అంటే నేరమేదీ చేయకపోయినా బాకీ తీర్చలేక నిర్బంధంలో పడినవారి, చెరసాల. 1824లో చార్లెస్ డికెన్స్ తండ్రి రొట్టెల వ్యాపారికి పడిన బాకీ వల్ల అక్కడ బందీ కాగా, పన్నెండేళ్ల డికెన్స్ బూటు పాలిష్ కార్ఖానాలో పనిచేయవలసి వచ్చింది. 1842లో మూతపడిన ఆ చెరసాల చోటును నేడు సెయింట్ జార్జ్ చర్చి సమీపంలో మిగిలిన పొడవాటి గోడ, డికెన్స్ రాసిన 'లిటిల్ డారిట్' నవల పట్టి చూపుతున్నాయి.

తెలుగునాట బాకీకీ చెరకూ ముడిపడిన పేరు కంచర్ల గోపన్నది. సర్కారుకు చేరవలసిన శిస్తు సొమ్మును భద్రాచలం ఆలయానికి వెచ్చించాడన్న అభియోగంపై ఆయనను బంధించినట్లు చెప్పే గదిని గోల్కొండ కోటలో ఇప్పటికీ చూడవచ్చు.

హైదరాబాద్‌లోని ముషీరాబాద్ జైలుకు ఆ భాగ్యం దక్కలేదు. చిక్కడపల్లి నుంచి మెట్రో రైలులో ఉత్తరంగా వెళితే ఆర్టీసీ క్రాస్ రోడ్స్, ముషీరాబాద్ స్టేషన్ల తరువాత వచ్చేది గాంధీ ఆసుపత్రి స్టేషను. 2003లో సికింద్రాబాద్ రైల్వే స్టేషను సమీపం నుంచి ఇక్కడికి తరలివచ్చిన ఆ ఆసుపత్రి నిలిచింది పూర్వపు జైలు స్థలంలోనే. ఆదిలాబాద్ జిల్లా రైతాంగ పోరాటానికి చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను అత్యవసర పరిస్థితి కాలంలో, 1975 డిసెంబర్ 1న, ఉరితీసింది ఆ జైలులోనే. ఆ రోజుల్లో రాజకీయ ఖైదీలెందరో అక్కడ నిర్బంధంలో గడిపారు.

రోగులకు ఊపిరి పోసే ఆసుపత్రి జైలు స్థానంలో వెలియడం మేలే అయినా, రాజ్యం మనుషుల స్వేచ్ఛను, ప్రాణాన్ని హరించిన చోటు ఏదో తెలుసుకోవడం పౌరుల హక్కు. అక్కడ నిర్బంధం అనుభవించినవారిలో జీవించి ఉన్నవారు నేడు వృద్ధులు కనుక, బ్యారక్‌లు, ములాఖత్ గది, ఉరికొయ్య ఎక్కడెక్కడ ఉండేవో వారి చేత చెప్పించి, జైలు దస్త్రాలతో సరిపోల్చి, ఆసుపత్రి ఆవరణ పటం మీద గుర్తించే పని ఆలస్యం లేకుండా జరగాలి.